తెగిన చెప్పు

మా ఆయన నలభై ఏళ్లు నేల మీద కూర్చుని చెప్పులు కుట్టాడు. తుంటి కీలు అరిగిపోతే దాన్ని తీసేసి లోహపుది వేశారు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మూడు నెలలు కింద కూర్చోవద్దని, మోకాళ్లు లోపలికి తిప్పవద్దని డాక్టరు లక్షసార్లు చెప్పాడు.

ఐదో వారం, కసరత్తు చేయించే ఫిజియో అమ్మాయి చెప్పు మా గుమ్మంలోనే తెగింది. కసరత్తు అయ్యాక ఆమెకు వంటింట్లో టీ ఇచ్చి వచ్చేసరికి ఈయన నేల మీద ఉన్నాడు. చెప్పును రెండు పాదాల మధ్య బిగించి ఆఖరి ముడి వేస్తున్నాడు.

"బుద్ధుందా నీకు?" అన్నాను.

"తెగిన చెప్పు కళ్లెదుట ఉంటే చెయ్యి ఊరుకోలేదే," అంటూ లేవబోయాడు. కీలు గూట్లోంచి జారిపోయింది.

మళ్లీ కోశారు. ఇకమీదట జారదని ఎవరూ పూచీ పడలేదు. పని మాత్రం మర్చిపొమ్మన్నారు.

ఆ రోజు కంగారులో ఆ అమ్మాయి వట్టి కాళ్లతోనే అంబులెన్సు ఎక్కింది. మళ్లీ మా ఇంటికి రాలేదు. చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

"కుట్టు నిలిచిందా?" అని ఈయన మంచం మీంచి రోజూ అడుగుతాడు.

"నిలిచింది," అంటాను.

అబద్ధం కాదు. కోపం పట్టలేక నేనే రెండు చేతులా లాగి చూశాను. ఊడలేదు.