ఖాళీ పుటలో ఇరవై ఇద్దరు

పుట కూడా పాఠం చెబుతుందని, చుక్కల మీద దిద్దించే పుస్తకం అక్షరం కన్నా ముందు అణకువ నేర్పుతుందని ఆమె రెండేళ్లుగా వాదిస్తోంది. చదువు విద్యాతత్త్వం, చేతిపని గ్రాఫిక్ డిజైన్. రెండు విభాగాల మధ్య నలుగుతూనే ఒక వాచకం తయారుచేసింది. ఎడమ పుటలో చిన్న కథ, ఒక బొమ్మ. కుడి పుట ఖాళీ. అక్కడ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు.

ఒకటో తరగతి టీచరైన అక్క, తన పిల్లలు ఇరవై ముగ్గురి చేత ఆ పుటలు గీయించి పంపింది. ‘పిల్లలు స్వేచ్ఛగా స్పందించారు’ అని చెల్లెలు తన పరిశోధనకు ముగింపు రాసేసింది. సిద్ధాంతగ్రంథం ఇవ్వడానికి ఆ సాయంత్రం అయిదింటి దాకా గడువు.

మధ్యాహ్నం అనుబంధం కోసం బొమ్మలన్నిటినీ ట్రేసింగ్ కాగితాల మీదికి దించి, ఒకదానిపై ఒకటి పేర్చి, కింది నుంచి వెలిగే లైటు బల్ల మీద పెట్టింది. ఇల్లు, పాము, లారీ, ముక్కు లేని అమ్మ, అన్నీ ఒకేచోట కుప్పపడ్డాయి. స్కేలు పెట్టి చూసింది. ఎడమ పుటలో తన బొమ్మ ఉన్న చోటికి సరిగ్గా ఎదురుగా, అదే ఎత్తున, అదే వెడల్పున ఉన్నాయి. పుట అమరిక కోసం తాను కంప్యూటర్ తెరమీద గీసుకుని అచ్చులో తీసేసిన గళ్లను పిల్లలు దాటలేదు. ఇన్నాళ్లూ ఆమె ఏం గీశారో చూసింది గాని, ఎక్కడ గీశారో చూడలేదు.

ఒక్క కాగితం మాత్రం తెల్లగా ఉంది. అక్కకు ఫోన్ చేసింది.

“వాడు గీయకపోవడమేంటే? కాగితం వదిలేసి బల్లంతా గీశాడు. తడిగుడ్డ ఇచ్చి వాడి చేతే తుడిపించాను.”

“ఏం గీశాడక్కా?”

“చూడలేదే. నీ ప్రయోగం పాడవుతుందని కంగారు.”

గైడు గారు ఆ కాగితాల దొంతరను చూసి ముచ్చటపడ్డారు. గళ్లు కనిపించకుండా కళ్లను నడిపించడమే డిజైనంటే అన్నారు.

“ముగింపులో ఆ ఒక్క మాట మార్చమ్మా. ‘స్వేచ్ఛగా’ తీసేసి ‘సహజంగా’ అని పెట్టు. పట్టా చేతికొస్తుంది.”

ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. అదే చిక్కు. గళ్లు తీసేస్తే అంచులు మిగులుతాయి. అంచులు లేనిది పుట కాదు.

ముగింపు మొత్తం తీసేసింది. ఆ దొంతర బొమ్మను పెట్టి, కింద రాసింది: ‘ఇరవై ఇద్దరు నేను చెప్పకుండానే నా మాట విన్నారు. ఒకరి బొమ్మ నాకు దొరకలేదు. నా ప్రతిపాదన నిలవలేదు.’ పట్టా రాకపోవచ్చునని తెలుసు.

యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా ఆ పుట తిరగేయలేదు. ఎడమ అంచు ఒకటిన్నర అంగుళం ఉందో లేదో కొలిచాడు. అట్ట మీద పేరును రిజిస్టరులో ముందే నమోదైన పేరుతో సరిచూశాడు: ‘స్వేచ్ఛా పుట: ఒక నిరూపణ’. పేరు మార్చవచ్చా అని ఆమె అడిగింది.

“లోపల నీ ఇష్టం తల్లీ. అట్ట మీద మాత్రం ఇదే ఉండాలి.”

అతను పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోట ఆమె సంతకం చేసింది.