ఊట నెత్తిన సామచేను

మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారన్న కబురు హుకుంపేట సంత నుంచి కొండెక్కి వచ్చేసరికి, గాసి వాళ్ల ఊరి ఊట దారంలా సన్నబడిపోయింది. బిందె నిండాలంటే ఒక పూట కూర్చోవాలి. గవర్నమెంటు ట్యాంకరేమో కొండ కింది గెడ్డ వాగు దాటి పైకి ఎక్కలేదు. ఊట ఆగిందంటే ఇరవై గడపలూ ఇళ్లు విప్పుకుని కిందికి దిగిపోవాల్సిందే.

తప్పెక్కడుందో గాసికి తెలుసు. ఊట నెత్తిమీది అడవి జోలికి పెద్దవాళ్లు ఎప్పుడూ పోలేదు. పాత పోడులో సారం పోయిందని మూడేళ్ల కిందట తనే ఆ అడవి కొట్టి, కాల్చి, సామలు చల్లాడు.

నీటి పనులు చూడ్డానికి వచ్చిన స్వర్ణ అనే అమ్మాయి కొండంతా తిరిగి, సరిగ్గా ఆ చేనులోనే వాన నీళ్లు ఇంకడానికి కందకాలు తవ్వాలంది.

"మరి నా సామలు?" అన్నాడు గాసి.

"ఈ ఏడు ఉండవు బాబాయ్."

అతని పెళ్లాం సోములమ్మ నవ్వింది. "కొండకి గుండు గీసింది నువ్వే కదా. ఇంకా ఏటి ఆలోసన సేత్తన్నావు? గునపం అట్టుకో, బేగి."

పట్టుకున్నాడు. రెండు వెదురు కర్రల కొసలు కలిపి, మధ్యలో అడ్డకర్ర కట్టి, పైకొస నుంచి దారంతో రాయి వేలాడదీశారు. దారం అడ్డకర్ర నడిమి గుర్తు మీద నిలిస్తే కర్రల రెండు కాళ్లూ ఒకే మట్టం. ఆ మట్టం వెంట కొండకు అడ్డంగా ఊరంతా తొమ్మిది రోజులు తవ్వింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒకే ఒక్క గట్టి వాన. మామూలుగా అయితే ఎర్రనీళ్లు గెడ్డలోకి ఉరికేవి. గాసి ఆకులు కప్పిన గిడుగు నెత్తిన పెట్టుకుని నిలబడి చూస్తుండగానే కందకాలన్నీ నిండాయి. గెడ్డలోకి చుక్క దిగింది లేదు. రెండు రోజులకు కందకాలు ఖాళీ. ఊట మాత్రం అదే దారం.

"సేనూ పోయింది, నీల్లూ పోయాయి. ఈ కొండకి ఎంత దాహమో," అన్నాడు పక్కింటి బుధు.

గాసి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

వాన పడిన ఎనిమిదో రోజు పొద్దున్నే బిందెతో వెళ్లాడు. బండ సందులోంచి బొటనవేలంత ధార పడుతోంది. చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది, అద్దంలా ఉంది. లోపలికి పోయిన నీళ్లు ఎర్రబురద. ఇన్నాళ్లూ చీకట్లో ఈ కొండ వాటినేం చేసింది?

"బిందె ఎట్టకుండా ఏటి సూత్తన్నావు?" వెనకే వచ్చిన సోములమ్మ అడిగింది.

"నెమ్మదిగా మాటాడే," అన్నాడు గాసి. "లోపల ఎవులో పని సేత్తన్నారు."

ఆమె చంకలోని బిందె పక్కన పెట్టి, తనూ అతని పక్కనే గొంతుక్కూర్చుంది.