పెట్టెలో పడిన వాషర్

ఫిట్టరుగారికి ఇంజను విప్పి బిగించడం కొట్టిన పిండి. అలాంటిది, ఆయన పాత కారులోంచి ఇంజను పీకేసి, కరెంటుతో నడిచేలా బ్యాటరీల పెట్టె దింపుదామని ఎలక్ట్రీషియనైన కోడలు అన్న రోజున ఆయన బానెట్ ఎత్తి ఇంజనును ఓసారి తడిమి చూసుకున్నాడు. చివరికి, "సరేనమ్మా, పెట్టె కూర్చునే బ్రాకెట్లు మాత్రం నేనే చేస్తా" అన్నాడు. చేశాడు కూడా, వెంట్రుకవాసి తేడా లేకుండా.

పెట్టె దిగింది. మూత ఇంకా పెట్టలేదు. లోపల బ్యాటరీల మీద రాగి పట్టీలు మెరుస్తున్నాయి. మూల బోల్టు బిగిస్తుంటే ఆయన వేళ్లు వణికాయి. ఆర్నెల్లుగా వణుకుతున్నాయి, ఇంట్లో ఎవరికీ తెలియదు. బోల్టుకు తొడగబోయిన ఇనుప వాషర్ జారి టిక్కుమంది.

బల్ల దగ్గర మూతకు రబ్బరు అంచు అతికిస్తున్న కోడలు తలెత్తింది. "ఏంటి మావయ్యా?"

"ఏం లేదమ్మా. స్పానర్ తగిలింది."

తొంగి చూశాడు. కనబడలేదు. నేల మీద పడి ఉంటుందిలే అనుకుని ఇంకో వాషర్ వేసి బిగించేశాడు. నేల మీద పడితే ఎలా మోగుతుందో నలభై ఏళ్ల చెవికి తెలియదా? చెబితే, 'ఇక మీరు కూర్చోండి మావయ్యా' అంటుంది. ఆ మాటంటేనే ఆయనకు భయం.

కోడలు మూత తెచ్చి పెట్టె మీద ఆనించింది. "సాయంత్రం మీరే నడపాలి. వెనక సీటు నాదేనని మీ మనవరాలు పొద్దుట్నుంచి ఒకటే గోల."

ఆయన గబుక్కున మూత అంచు పట్టుకున్నాడు.

"ఆగమ్మా! అబద్ధం చెప్పాను. వాషర్ లోపల పడింది. నా చేతులు వణుకుతున్నాయి."

ఆమె మూత తీసి పక్కన పెట్టింది. టార్చి వేసి వెతగ్గా కనిపించింది. ఒక రాగి పట్టీ మీద ఆని, పక్క పట్టీకి బియ్యపుగింజంత దూరంలో ఆగి ఉంది.

"కారు మీద చెయ్యి వేయకండి. అది అటు తగిలిందంటే నిప్పే."

"అయస్కాంతం తేనా?"

"వద్దు. ఎగిరి ఎక్కడ అతుక్కుంటుందో!"

రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, ఎండు కర్రపుల్ల కొసకు జిగురు టేపు చుట్టింది. టార్చి ఆయన పట్టుకున్నాడు. వెలుగు గంతులేసింది. రెండు చేతులతో టార్చిని గుండెకు అదిమి, ఊపిరి బిగబట్టాడు. వెలుగు నిలిచింది.

పుల్ల తగలగానే వాషర్ ఊగింది. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుని, కళ్లు మూసి తెరిచి, మళ్లీ దింపింది. వాషర్ టేపుకు అతుక్కుంది. అంగుళం అంగుళం పైకి లాగింది.

వాషర్ బల్ల మీద పెట్టాక నేల మీద చతికిలబడింది.

"వణుకుతున్నాయని తిట్టను మావయ్యా. దాచినందుకు తిడతాను."

తిట్టింది. కడుపునిండా తిట్టింది. ఆయన తల వంచుకుని విన్నాడు.

ఆ సాయంత్రం కారు కదల్లేదు. మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. వచ్చాక పెట్టె మీద మందపాటి రబ్బరు షీటు కప్పి, మిగిలిన బోల్టులు కోడలే వేసింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, మర బిగిసే చప్పుడు చెవితో పట్టుకుంటూ చెప్పసాగాడు.

"ఇంకో పావు చుట్టు... ఆఁ, చాలు. ఎదుటి మూలకి రా."