తప్పిన అక్షరం

వసుమతికి పిల్లలు లేరు. అయినా అమెరికాలో తానుండే అరోరా ఊరి చుట్టుపక్కల ఎక్కడ పిల్లల స్పెల్లింగ్ పోటీ జరిగినా వెళ్లి చూడటం ఆమెకు సరదా.

1984 చలికాలంలో, నది ఒడ్డునున్న హాల్లో జరిగిన పోటీలో ఆమెకు తెలిసిన కృష్ణమోహన్ కూతురు రేణు ఒక్క అక్షరం తప్పింది. ముందు వరసలోని తండ్రి ఆ పిల్ల మొహమైనా చూడకుండా లేచి కోటు తొడుక్కున్నాడు. రేణు వెనక తలుపు తోసుకుని బయటికి వెళ్లిపోయింది.

అది చూసి వసుమతి ఆ పిల్ల వెనకాలే పరుగెత్తింది. రేణు గడ్డకట్టిన నది మీద నడుస్తోంది. కాళ్ల కింద మంచు పెటపెటలాడుతోంది.

"రేణూ, ఆగమ్మా! వెనక్కి వచ్చెయ్."

"డాడ్ వెళ్లిపోయాడా, ఆంటీ?"

"లేదమ్మా, లోపలే ఉన్నారు."

"అయితే నేను రాను."

వసుమతి మంచు మీద పాకుతూ వెళ్లి, రేణు చెయ్యి దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాగింది. ఇంతలో హాలు వైపు నుంచి తండ్రి కేక వినిపించింది. అంతవరకూ చలికి కూడా వణకని ఆ చెయ్యి గడగడ వణకసాగింది.