ఇస్త్రీ పెట్టెతో మాటలు

బొగ్గుల మీద నాలుగుసార్లు అట్టముక్కతో విసిరి, పెట్టె మూత దించి, బిక్షపతి తడివేలితో దాని అడుగును తాకి చూశాడు. చుయ్‌మంది. "లేచిండు మారాజు" అనుకుంటూ తెల్లచొక్కా కాలరును బండి మీద పరిచాడు. ఆయన ఎడమచేత్తో రుద్దుతాడు. ఆ వాటానికి చిన్నప్పుడు తండ్రి చేతిలో తినని దెబ్బ లేదు. ఇప్పుడదే అక్కరకొచ్చింది. డయాలసిస్ సూదుల కోసం డాక్టర్లు కుడిచేతిలో నరాలు కలిపి కుట్టి, ఆ చేత్తో బరువెత్తొద్దన్నారు. మోచేతి దగ్గర తాడులా ఉబ్బిన ఆ నరం మీద చెవి పెడితే గుర్రుమని చప్పుడు. చౌరస్తాలో నిలబడ్డవాళ్లెవరినైనా పిలిచి వినిపించేవాడు.

"మెదక్‌కు రైలు రాదు, రాదన్నరు. అచ్చిందా లేదా? ఇగ నా చేతిల గూడ ఉర్కుతున్నది, ఇనుండ్రి."

యాభై ఆరేళ్ల మనిషి. ఎముకల మీద చొక్కా తగిలించినట్టుండేవాడు. గోళ్లలో బొగ్గు, కళ్లకింద వాపు, పెదాల మీద ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం. సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం పూట సర్కారు దవాఖానకు పోవాలి. రోజు మొత్తానికి మూడు గ్లాసుల నీళ్లే తాగాలి. నిప్పుల పెట్టె ముందు నిలబడేవాడికి అంతకన్నా శిక్ష ఉందా? ఆయన మాత్రం చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకుని, "పెండ్లిల కూసున్నట్టుంది" అనేవాడు.

అవి మున్సిపల్ ఎలక్షన్ల రోజులు. తెల్లబట్టలు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. బిక్షపతిది ఏ పార్టీయో ఊరంతా ఎరుగును. అయినా రెండు పార్టీల చొక్కాలూ ఆ బండి మీదికే వచ్చేవి. కాలరు మూలలు ఆయనలా నిలబెట్టేవాడు ఆ చుట్టుపక్కల లేడు.

"ఓ బిక్షపతన్నా!" సొంత పార్టీ కుర్రాడు వంశీ బైకు ఆపి అరిచాడు. "వాళ్లయి గింత మంచిగ జేస్తున్నవేందే? జర అక్కడక్కడ కాలవెట్టరాదు?"

"నువ్వు ఓట్లడుగు పో బాబూ. బట్టేం జేసింది పాపం."

ఆయన చేతిలో ఉన్న చొక్కా తమ్ముడు ఐలయ్యది. ఐలయ్య తాపీమేస్త్రీ, అవతలి పార్టీలో జెండా పట్టే మనిషి. అన్నదమ్ములిద్దరూ బండి వెనకున్న ఒకే ఇంటిని చెరిసగం చేసుకుని ఉంటున్నారు. రెండేళ్ల కిందట ఓట్ల లెక్కింపు రోజున ఐలయ్య జట్టు ఇంటి ముందు పటాకులు కాల్చింది. నిప్పురవ్వ ఎగిరిపడి బండి మీద పరాయివాళ్ల పట్టుచీర కాలింది. ఆ కోపంలో బిక్షపతి నలుగురిలో, "నువ్వు నా తమ్మునివే గావు, మా అమ్మ నిన్ను ఏడనో దొరికిచ్చుకున్నది" అన్నాడు. ఐలయ్య మొహం మాడిపోయింది. "ఇగ నీతోని మాట్లాడితే ఎల్లమ్మ మీద ఒట్టు" అన్నాడు. ఆ తర్వాతే బిక్షపతి కిడ్నీలు పాడయ్యాయి. ఒట్టు ఒట్టుగానే ఉండిపోయింది.

అయితే మేస్త్రీ బుర్ర కదా, గోడకు కిటికీ పెట్టడం తెలుసు. మొదటి ఏడాది అన్న ముందు నుంచి దగ్గుకుంటూ పోయేవాడు. రెండో ఏడాది ఇస్త్రీ పెట్టెతో మాట్లాడటం మొదలుపెట్టాడు. మనిషితో మాట్లాడొద్దని ఒట్టు గానీ, పెట్టెతో మాట్లాడొద్దని కాదుగా!

బిక్షపతికి ఆ మాత్రానికే కొండంత ఆశ. దగ్గు నుంచి పెట్టె దాకా వచ్చినవాడు పెట్టె నుంచి చేతికి, చేతి నుంచి మనిషికి రాకపోతాడా అని లెక్కగట్టుకునేవాడు. కాకపోతే పోయిన నెల డాక్టరు, గుండె కూడా నీరసించిందని చెప్పాడు. చెవులు వినబడుతున్నప్పుడే తమ్ముడి నోట ఒక్కసారి "అన్నా" అన్న పిలుపు వినాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

పదకొండింటికి ఐలయ్య వచ్చాడు. మెడలో కండువా. మొహం రోడ్డువైపు తిప్పుకుని నిలబడ్డాడు.

"ఓ పెట్టే, నా అంగీ అయిందా? మూడుగొట్టంగ ర్యాలీ ఉన్నది."

బిక్షపతి మడతపెట్టిన చొక్కా వైపు చూస్తూ జవాబిచ్చాడు. "ఓ అంగీ, అయినవని చెప్పు. ఇంకో ముచ్చట గూడ చెప్పు. మా బిడ్డ కావ్యకు నెలలు నిండినయని రామమ్మ పొద్దున్నే చేగుంటకు పోయింది. ఎంబడి మనిషి లేకుంటే దవాఖానల మిషన్ ఎక్కియ్యరు. తోడు వస్తనన్న పక్కింటి రాంచందర్ గూడ ర్యాలీకే పోతుండట."

ఐలయ్య చొక్కా తీసుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు. ఇంట్లోకి వెళ్లిపోయాడు.

భార్య రామమ్మ ఊళ్లో లేదు. తోడు వస్తానన్నవాడు రాడు. బిక్షపతి బొగ్గుల మీద బూడిద కప్పి, ఎవరినడగాలా అని చౌరస్తా అంతా కలియజూశాడు. అప్పుడే ఒక స్కూటర్ వచ్చి బండికి ఆనుకున్నట్టు ఆగింది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఐలయ్య.

"ఓ స్కూటరూ, టైమైతున్నది. ఎక్కుమను."

ఎక్కాడు బిక్షపతి. దారి పొడవునా నవ్వు బయటికి రాకుండా పెదాలు బిగపట్టుకునే కూర్చున్నాడు.

వార్డులో టెక్నీషియన్ స్నేహలత బరువు చూసి కళ్లెర్రజేసింది. "రెండున్నర కిలోలు పెరిగినవు అంకుల్. మల్ల దొంగతనంగ నీళ్లు తాగినవా?"

"లేదు బిడ్డా, ఐసు తిన్న."

"ఐసంటే ఏంది మరి, రాయా?" అని ఐలయ్య వైపు తిరిగింది. "మీరు ఏమైతరు ఈయనకు? ఇక్కడ సంతకం పెట్టుండ్రి."

ఐలయ్య కండువా సర్దుకున్నాడు. "ఒక్క తల్లి పిల్లలం" అని గోడకు చెప్పి సంతకం పెట్టాడు.

సూదులు గుచ్చారు. మిషన్ తిరగడం మొదలైంది. ఐలయ్య స్టూలు జరుపుకుని దాని ముందు కూర్చున్నాడు. "ఓ మిషనూ, జర పైలంగ తిప్పు. నొప్పి లేస్తున్నదా అడుగు."

పక్క మంచం మీద సౌభాగ్యమ్మ ఉంది. చర్చి కాంపౌండులో ఉండే ముసలావిడ, నాలుగేళ్లుగా ఆమెకూ ఇదే బతుకు. ఆమెకు నవ్వాగలేదు. "ఏందయ్యా, మనిషి పక్కకుండంగ మిషన్‌తోని పంచాయితి? మా దేవుడైతే గిసొంటి ఒట్లు లెక్కవెట్టడు."

"మా ఎల్లమ్మ వెడ్తదమ్మా" అన్నాడు ఐలయ్య దిగులుగా.

మూడు దాటాక బయట రోడ్డు మీద డప్పులు మొదలయ్యాయి. ర్యాలీ దవాఖాన ముందు నుంచే పోతోంది. ఐలయ్య ఫోన్ రెండుసార్లు మోగింది. రెండుసార్లూ జేబులోనే నొక్కేశాడు. అదే సమయానికి బిక్షపతి కాళ్లు కొయ్యబారాయి. నుదుటిమీద చెమట పట్టి, కళ్లు తేలవేశాడు.

"బీపీ పడిపోతున్నది" అంటూ స్నేహలత పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించింది. సెలైన్ గొట్టం తిప్పింది. "కాళ్లు పిసుకుండ్రి, మాట్లాడిస్తనే ఉండుండ్రి!"

ఐలయ్య ఆ పిక్కలు రెండూ పట్టుకున్నాడు. సిమెంటు తిన్న మోటుచేతులతో గట్టిగా పిసికాడు. "అన్నా! ఓ అన్నా! కండ్లు తెరువే! నీ కాల్మొక్త, ఓ అన్నా!"

రెండు మూడు నిమిషాలు గడిచాయి. బిక్షపతి కనురెప్పలు కదిలాయి. సగం తెరిచిన కళ్లతో తమ్ముణ్ని చూశాడు.

"ఎవలతోని... మాట్లాడుతున్నవురా? మిషన్‌తోనా?"

"నీతోనే. నీ అవ్వ, నీతోనే!" ఐలయ్య కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"మరి ఎల్లమ్మో?"

"కల్లు సాక పోస్త, దండం వెడ్త. ఆమె జూడని ఎలక్షన్లా, తప్పిన ఒట్లా?"

సౌభాగ్యమ్మ చప్పట్లు కొట్టింది. ఫోన్ మూడోసారి మోగింది. ఈసారి ఐలయ్య ఎత్తాడు. "జెండా ఇంకొకనికియ్యి. నేను మా అన్న తాన ఉన్న" అని గట్టిగా చెప్పి పెట్టేశాడు.

"ఆ దినం నేనన్న మాట తప్పురా" అన్నాడు బిక్షపతి మెల్లగా. "నువ్వు పుట్టినప్పుడు వాకిట్ల కూసోని నీ ఏడుపు ఇన్నోన్ని. నేనెట్లన్ననో గట్ల."

"మీ పార్టీల ఉన్నోల్లకు నోరు అట్లనే ఉంటదిలే."

"మా పార్టీకేమైంది? మీరు ఏసిన మోరీ సూడు పో, నీళ్లు ఎగువకు పోతున్నయ్!"

ఇక మొదలైంది. మోరీ నుంచి పింఛన్ల దాకా, పింఛన్ల నుంచి దొంగ ఓట్ల దాకా గంటన్నర కొట్లాడుకున్నారు. రెండేళ్ల బాకీ అంతా ఆ ఒక్క పూటలో తీర్చుకున్నట్టుంది. స్నేహలత మళ్లీ బీపీ చూసి నవ్వింది. "మంచిగున్నది. రోజు గిట్లనే కొట్లాడుకోండ్రి."

సౌభాగ్యమ్మ తన సంచిలోంచి ఒక సంత్ర పండు తీసి ఇచ్చింది. ఈ జబ్బువాళ్లకు పళ్లు పడవు. మిషన్ మీద ఉన్నప్పుడు నాలుగు తొనలు తిన్నా ఫరవాలేదని వార్డులో అందరూ ఆ పూట కోసమే కాచుకుని ఉంటారు. ఐలయ్య సగం వొలిచి, గింజలు తీసి, తొన తర్వాత తొన అన్న నోట్లో పెట్టాడు. బిక్షపతి కళ్లు మూసుకుని చప్పరించాడు.

"ఇగ చాలు. ఆ సగం శుక్కురారం తింట. నువ్వే రావాలె మల్ల. మీ వదినె అయితే మాటకు ఎదురు చెప్పది, మజా రాదు."

"అస్త తియ్యే" అన్నాడు ఐలయ్య. మిగిలిన సగాన్ని తొక్కతోనే ఎలక్షన్ల కాయితంలో చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టాడు.

సాయంత్రం తమ్ముడి భుజం మీద చెయ్యేసుకుని బిక్షపతి ఇంట్లోకి నడిచాడు. ఐలయ్య ఇంటినుంచి వచ్చిన జొన్న గటక తిన్నాడు. చేగుంట నుంచి ఫోన్ వచ్చింది, కావ్యకు ఆడపిల్ల పుట్టిందని. "నా తమ్ముడు నాతోని మాట్లాడిండే" అని ఆయన, భార్య ఆ కబురు చెప్పేలోపే తన ముచ్చట చెప్పేశాడు.

గురువారం పొద్దున ఐలయ్య చాయ్ పట్టుకుని అన్న గడపలోకి వచ్చి, "అన్నా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. బిక్షపతి ఎడమచెయ్యి తలకింద పెట్టుకుని, పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. కుడిచేతి నరం మీద ఐలయ్య చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

బండి ముందు నుంచి పాడె లేచినప్పుడు రెండు పార్టీల వాళ్లూ భుజం పట్టారు. అందరి చొక్కాల కాలర్లూ నిలబడే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం, దవాఖానకు పోయే వేళకు, ఐలయ్య ఎందుకో స్కూటర్ దగ్గరికి పోయి డిక్కీ తెరిచాడు. ఎలక్షన్ల కాయితం మడతల్లో సగం సంత్ర పండు ఉంది, తొక్క అంచులు కొంచెం వాడినా లోపలి తొనలు ఇంకా తడిగానే ఉన్నాయి.