దిష్టి తిన్న గుర్రం

మా ఆయనతో వచ్చిన చిక్కు ఒక్కటే. వంకాయలు తేవాలంటే వీధి చివరి నుంచి ఫోన్ చేసి, లేతవా ముదురువా అని నన్నడిగి, ముదురువే తెస్తారు. గుర్రాన్ని మాత్రం అడక్కుండా తెచ్చారు. అది మేడమెట్ల కింద, స్కూటరు ఉండాల్సిన చోట, ఒక కాలు వంచి సైడ్‌స్టాండ్ వేసినట్టు నిలబడి ఉంది. స్కూటరేదండీ అంటే, అదే ఇది అంటారు. పెట్రోలుకి బదులు ఉలవలు పోశారట.

మా అమ్మాయి హైమ ఇవాళ్టి నుంచి దీనిమీదే బైపాస్ దాటి కాలేజీకి వెళ్లాలిట.

బైపాస్ సిద్ధంగానే ఉంది. తెల్లారేసరికి మా గేటు దాకా వచ్చి, అడుగుమెట్టును నాకుతోంది. తడిగా, నల్లగా, గుట్కా ఉమ్ములతో మచ్చలు పడిన నాలుక. నేనప్పుడే వేసిన ముగ్గు సగం దాని నోట్లోకి పోయింది. చీపురుతో కొడితే కాస్త వెనక్కి తగ్గి, లారీ పొగ త్రేనుస్తుంది.

"గుర్రాన్ని ఈ రోడ్డెక్కించడం ఏమిటండీ? లారీలకి బెదరదూ?"

"పూజ చేశాక బెదరడమేమిటే? నీ చాదస్తం నువ్వూను!"

కొత్త బండికి చేసినట్టే చేస్తారు. నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ, డెక్కకొక నిమ్మకాయ. బండి ఆ కాయల్ని తొక్కి ముందుకు కదలాలి. గుర్రం తల వంచి, అన్నిటినీ తీరిగ్గా నమిలి మింగుతుంది.

"తొక్కాలమ్మా, తినకూడదు," అంటారు మా ఆయన, నాతో ఎన్నడూ వాడని మర్యాదతో.

"తొక్కితే జారతాను," అంటుంది గుర్రం. నాకు సబబుగానే తోస్తుంది.

రుచి మరిగి, అది గేటు దాటి రోడ్డు అంచున మేయడం మొదలుపెడుతుంది. టైర్ల కింద చితికిన నిమ్మకాయలు, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ, ఎర్రనీళ్లలో నానిన అన్నం ముద్ద, దారానికి కుళ్లిన మిరపకాయలు. మధ్యలో ఎవరివో వెంట్రుకలు. ఊళ్లోవాళ్లు దిష్టి తీసి పారేసిందంతా చప్పరిస్తుంది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. పొద్దున తాగిన కాఫీ గొంతు దాకా వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోతుంది.

దిష్టంటే చూపే కదా. మింగిన చూపులు లోపల ఊరుకోవు. గుర్రం పొట్టమీద ఒకటి కురుపులా ఉబ్బి, పగిలి, కన్నవుతుంది. తర్వాత మెడమీద, తొడమీద, తోక మొదట్లో. అన్నీ పచ్చగా పుసులు కట్టి, ఈగలు ముసిరి. ఒక్కో కన్ను ఒక్కో లారీని చూస్తుంది. ఒక్కో కాలు ఒక్కో లారీకి బెదిరి తలో వైపు పరిగెత్తబోతుంది. నడుమ ఒళ్లు చపాతీ పిండిలా సాగుతుంది.

"చూశావా, అన్ని వైపులా కనిపిస్తుంది! అద్దాలు కొనక్కర్లేదు," అంటారు మా ఆయన.

"మరి హారన్ లేదుగా నాన్నా?"

"మీ అమ్మని వెనక కూర్చోబెట్టుకో."

హైమ నవ్వదు. పుస్తకాల సంచీ గుండెకు అదుముకుని, గుర్రం మీద చెయ్యి వేస్తుంది. వేళ్ల కింద ఒక కన్ను చెమ్మగా మూసుకుంటుంది.

"అమ్మా, ఇది వణుకుతోందే. నేనూ వణుకుతున్నాను. ఇద్దరం వణికితే ఎవర్నెవరు పట్టుకోవాలి?"

"గంతలు కట్టు, అదే సర్దుకుంటుంది," అంటారాయన నాతో.

గంతలకేం భాగ్యం. దాచిపెట్టిన జాకెట్టు ముక్కలున్నాయి. పుసులు తుడిచి, కంటికో ముక్క కడతాను. వేళ్లకంటిన జిగురు సబ్బుకీ వదలదు, కుంకుడు రసానికీ వదలదు. ఈ చేత్తోనే మధ్యాహ్నం పప్పు కలుపుకోవాలి.

"అమ్మాయికంటే ముందు మీరోసారి ఎక్కి చూపించండి," అంటాను, వీలైనంత పతివ్రతలా.

ఆయన ఎక్కుతారు. గుర్రం కళ్లన్నీ కట్టేశాను కనక, చూసే పనంతా ఇక ఆయన కళ్ల మీదే పడుతుంది. ఆ సంగతి నేను చెప్పను. రోడ్డెక్కగానే లారీలన్నీ ఒక్కసారే ఆయనకు కనిపిస్తాయి, చక్రాల సందుల్లో అతుక్కుని ఎండినదానితో సహా. గుర్రం నిబ్బరంగా నడుస్తుంది. మా ఆయన సకిలిస్తారు. హారన్ మోగుతుంది. ఆయన బెదిరి నాలుగు వైపులా పరిగెత్తుతారు.

గుర్రం ఒక్కటే తిరిగొచ్చి, మెట్ల కింద కాలు వంచి నిలబడుతుంది.

వెనకే ఒక లారీ మా గేటు ముందు ఆగుతుంది. డ్రైవరు దిగి, బంపరుకి కట్టిన దిష్టి దండ విప్పి నా చేతికిస్తాడు.

"ఇది మీ ఇంటిదేమో చూడండమ్మా. మా దండలో ఓ కాయ ఎక్కువొచ్చింది."

నిమ్మకాయకీ పచ్చిమిరపకాయలకీ మధ్య, నడుముకి దారం గుచ్చి, నిమ్మకాయంత మా ఆయన వేలాడుతున్నారు. చొక్కా నిండా గ్రీజు. ఘాటుకి తుమ్ముతున్నారు. వేళ్ల కొసలతో, ఒంటికి తగలకుండా పట్టుకుని గేటుకి కడతాను. ఆ వాసనకి రోడ్డు మొహం చిట్లించి, సగం నమిలిన నా ముగ్గు కక్కేసి, నాలుక ముడుచుకుంటుంది.

హైమ గంతలు ఒక్కొక్కటే విప్పుతుంది. కళ్లన్నీ దండ వైపే తిరుగుతాయి. గుర్రానికి నోరూరుతుంది.

ఆయన ఏదో గొణుగుతారు.

"వినపడలేదు నాన్నా."

"తప్పు నాదేనమ్మా! ఈ రోడ్డు మీదికి నిన్నెక్కించబోయాను చూడు, అది నాదే తప్పు."

గుర్రం మెడమీద ఒక కన్ను మూసుకుని, పండు నిమ్మకాయై టప్పున రాలుతుంది. నేను వంటింట్లోకి వెళ్లి బుట్ట తెచ్చుకుంటాను.

"ఇంకోసారి అనండి," అంటాను, బుట్ట దాని పొట్ట కింద పట్టుకుని.

"తప్పు నాదే," అంటారాయన.