కుడి గుమ్మం

మా బావ పరదేశికి ఫోన్లో కోటల ఆట నేర్పిన మహానుభావుణ్ణి నేనే. ఇంకెవర్నీ అనడానికి లేదు. ఆయన మా చిన్నతల్లక్క మొగుడు, చెరకు ట్రాక్టరు తోలతాడు. క్రషింగ్ సీజన్లో ఫ్యాక్టరీ యార్డులో లైనులో పడితే బండి తూకం కాటా దగ్గరికి చేరేసరికి ఒక్కోసారి రోజు గడిచిపోతుంది. ఊరికే బీడీలు కాల్చే బదులు ఇది ఆడమని రెండేళ్ల కిందట ఆయన ఫోన్లో ఆట ఎక్కించాను. అప్పట్లో రెండు నిమిషాల్లో కోట పోగొట్టుకుని "ఏటైపోయిందిరా?" అని అడిగేవాడు. నేను పడీపడీ నవ్వేవాణ్ణి.

అలాంటి మనిషి ఇప్పుడు నా సీటుకే ఎసరు పెట్టాడు.

వచ్చే ఆదివారం వైజాగులో పోటీ. చోడవరం టీముకి ఐదుగురు కావాలి, నలుగురు ఖాయమయ్యారు. ఐదో సీటుకి మిగిలింది మేమిద్దరమే. మూడాటల్లో రెండు గెలిచినవాడు వెళ్తాడు. పోయినేడాది వెళ్లింది నేనే. గెలిచే ఆటని చేతులారా పోగొట్టి టీముని ఉత్త చేతులతో ఇంటికి తెచ్చాను. ఏడాదంతా నా మెకానిక్ షెడ్డుకొచ్చిన ప్రతివాడూ బండికేమైందో చెప్పకముందే ఆ ఓటమి సంగతి అడిగాడు. వాళ్ల నోళ్లు మూయించాలంటే నాకు ఈ సీటు కావాల్సిందే.

ఆట తేలికే. ఇద్దరికీ చెరో కోట, కోటకి ఎడమ, నడిమి, కుడి అని మూడు గుమ్మాలు. ఏనుగులు, గుర్రాలు, విలుకాళ్లు ఉంటారు. అవతలివాడి జెండా ముందు పీకినవాడు గెలిచినట్టు. ఎవరు ఆడిన ఆటనైనా తర్వాత వేసుకుని చూడొచ్చు, దాచుకోవచ్చు.

బావ బండి లైనులో ఇరుక్కుందని ఆటలు యార్డులోనే పెట్టుకున్నాం. అక్క ఇచ్చిన క్యారేజీ పట్టుకుని మధ్యాహ్నానికి వెళ్లాను. ట్రాక్టరు నీడలో ఇద్దరం కూర్చుంటే డ్రైవర్లు చుట్టూ మూగారు.

మొదటి ఆట నాది. రెండోదీ నాదే అనుకుంటుండగా బావ ఎడమ పక్క నా బురుజొకటి తగలబెట్టి, పైగా ఒక నవ్వు బొమ్మ పంపాడు. "అయిపోనాడు బావమర్ది!" అన్నాడు వెనకనుంచి సత్యారావనే డ్రైవరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉన్న ఏనుగులన్నిటినీ అటే తోలేశాను. అర నిమిషంలో నా జెండా లేచిపోయింది.

"ముందు అన్నం తిందాం రా" అన్నాడు బావ.

కోపంలో నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఆయన మాత్రం కెలుకుతూ కూర్చున్నాడు. అక్క చేసిన చేపల పులుసు వదిలే మనిషి కాదు. అలాంటిది సగంలోనే గిన్నె పక్కన పెట్టేశాడు.

"ఒరే, నీకొకటి సెప్పాలి. కోపమొస్తే నువ్వు ఉన్నదంతా ఎడం పక్కకి తోలేస్తావు. కుడి గుమ్మంకాడ ఒక్కడూ ఉండడు. ఇందాక నిన్ను ఉడికించి, అందులోంచే వచ్చేను."

"ఏటీ, నన్ను తికమక పెడతన్నావా? నీ ఏసాలు నాకాడ సాగవు!"

"నువ్వే సూడు మరి" అని ఫోను నా చేతిలో పెట్టాడు.

అందులో దాచిన ఆటలన్నీ నావే. నూట నలభై మూడు! ఎవరెవరితోనో నేను ఆడినవి, గెలిచినవి, ఓడినవి. పోయినేడాది వైజాగులో ఓడిందీ ఉంది. దాన్నే వేసుకుని చూశాను. అవతలివాడు నవ్వు బొమ్మ పంపాడు. నా ఏనుగులన్నీ ఎడమకి పరుగెత్తాయి. కుడి గుమ్మం బార్లా తెరిచి ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఇది నాకెందుకు సెప్పేవు బావా? మూడోదీ ఇలాగే గెలవొచ్చు గదా?"

"గెలవొచ్చు. నాకూ ఎల్లాలనుందిరా, నేనెప్పుడేనా పోటీకెల్లేనేటి? కానీ రెండోది అలా గెలిసేక అన్నం దిగలేదు. ఆట నేర్పినోడివి నువ్వు. ఇంక ఆడు. నేను మాత్రం ఒగ్గను, సూస్కో."

నిజంగానే వదల్లేదు. మూడో ఆటలోనూ నా బురుజు కాల్చాడు, నవ్వు బొమ్మ పంపాడు. అంతా తెలిసి కూడా నా చెవులు వేడెక్కాయి. బొటనవేలు ఏనుగుల మీదికి వెళ్లిపోయింది. ఛీ, ఆగరా అని నన్ను నేనే తిట్టుకుని, నాలుగు ఏనుగుల్ని కుడి గుమ్మంలో నిలబెట్టాను. మరుక్షణం బావ గుర్రాలు అటే వచ్చి ఢీకొట్టాయి. ఆ సందులో నా విలుకాళ్లు ఆయన కోట నడిమి గుమ్మంలోంచి దూరి జెండా పీకేశారు.

డ్రైవర్లు ఈలలేశారు. నాకు మాత్రం అనుమానం తీరలేదు. జాలిపడి వదిలేశాడేమోనని ఆ ఆటని అక్కడే రెండుసార్లు వేసుకుని చూశాను. లేదు, ఒక్క గుర్రాన్ని కూడా వెనక ఆపుకోలేదు.

"మళ్లీ కుడి పక్కకే ఎందుకొచ్చేవు?"

"సెప్పినా నీ కోపం ఆగదనుకున్నానురా" అన్నాడు.

ఇంతలో లైను కదిలింది. బావ తువ్వాలు దులుపుకుని బండెక్కాడు. దిగులు దాచుకోవడం ఆయనకి చేతకాదు. ఆ మొహం చూస్తే వాటేసుకోవాలనిపించింది. అంతమంది ముందు సిగ్గేసి ఊరుకున్నాను.

"బావా, నువ్వు ఓడిపోయినవన్నీ నాకు పంపు. నీ తప్పులేటో నేను సూసి సెప్తాను. వచ్చేసారి ఇద్దరం ఎల్దాం."

ఆయన తెల్లబోయాడు. "నావా? నావెందుకు దాస్తాన్రా? నేర్సుకోడానికి నిన్ను సూసుకున్నాను గానీ."

రెండేళ్లుగా ఆ లైనులో కూర్చుని ఆయన చూసింది నన్ను. ఆయన ఆటని నేను మళ్లీ వేసుకుని చూసింది ఇవాళే, అదీ అనుమానంతో.

నా ఫోను తీసి ఆ మూడో ఆటని దాచాను. "ఒకటి దాచేను బావా!" అని అరిచాను. ట్రాక్టరు మోతలో వినబడిందో లేదో గానీ, వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపాడు.